కమ్యూనిటీ కళాశాలలో ఎలక్ట్రానిక్స్ విద్య: ఒక చరిత్ర

అమెరికాలో స్థిరపడిన మన బంధువుల పిల్లలు కమ్యూనిటీ కాలేజీలో చేరిరని వినినప్పుడు, విశ్వవిద్యాలయములో సీటు దొరకలేదు కాబోలునని మనలో కొందరు పెదవి విరుతురు. ఆ కళాశాలల చరిత్ర తెలిసినచో ఈ చిన్నచూపు నిలువదని మా నమ్మకము. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు చదువును ఉదాహరణగా తీసికొని దీనిని వివరింపగోరుచున్నాము.

1901లో ఇల్లినాయి రాష్ట్రమందలి జోలియట్ పట్టణములో ఆరుగురు విద్యార్థులతో ఇట్టి కళాశాల యొకటి ప్రారంభమయ్యెను. అది నేటికిని నడచుచున్నది. దీనికి కారకులలో నొకరు చికాగో విశ్వవిద్యాలయాధ్యక్షుడు విలియం రెయినీ హార్పర్. ఆయన హెబ్రీ భాషా పండితుడు, హెబ్రీ పాఠ్యపుస్తకముల కర్త. విశ్వవిద్యాలయపు మొదటి రెండేండ్ల చదువును విద్యార్థి తన ఊరిలోనే చదువుకొనవచ్చునని ఆయన తలంచెను.

రెండవ ప్రపంచ యుద్ధములో రేడియో, రాడారు పని నేర్చిన సైనికులు అనేకులు ఇండ్లకు తిరిగివచ్చిరి. 1944 నాటి చట్టము వారి చదువుకు ప్రభుత్వ ధనసహాయము కల్పించెను. ట్రూమన్ అధ్యక్షుడు నియమించిన సంఘము 1947 నివేదికలో కమ్యూనిటీ కళాశాలలను విస్తరింపవలెనని సిఫారసు చేసెను. ఆ యేడాది డిసెంబరులోనే బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టెను. చదువు చెప్పు స్థలమును, చదువదగిన క్రొత్త విద్యయు ఇట్లు ఒకే కాలమున ఎదిగినవి.

ఈ కలయిక కాలిఫోర్నియాలో బాగుగా ఫలించెను. 1957లో ఫెయిర్‌చైల్డ్, 1968లో ఇంటెల్ కంపెనీలు స్థాపింపబడిన ప్రాంతముననే 1967లో క్యూపర్టినోలో డి ఆంజా కళాశాల తెరువబడెను. ఆ రాష్ట్ర నివాసులకు 1984 వరకు ఇట్టి కళాశాలలలో ట్యూషన్ రుసుము లేకుండెను. తరువాత ఆపిల్ కంప్యూటరును నిర్మించిన స్టీవ్ వాజ్నియాక్ డి ఆంజాలో చదివి, పిదప బర్క్‌లీ విశ్వవిద్యాలయమునకు వెళ్లెను.

అయితే ఈ చదువులో రెండు బాటలున్నవని మరువరాదు. ఒకటి టెక్నీషియను బాట. ఇందులో సర్క్యూట్లు, సోల్డరింగు, ఆసిలోస్కోపుతో కొలుచుట మొదలగునవి నేర్చి, రెండేండ్లకు ఉద్యోగములో చేరవచ్చును. పగలు పనిచేయువారికి సాయంకాలపు తరగతులును ఉండును. రెండవది విశ్వవిద్యాలయమునకు మారు బాట. దీనికి కాలిక్యులస్, భౌతిక శాస్త్రము తప్పనిసరి. మొదటి బాటలోని పాఠములు పెక్కింటిని విశ్వవిద్యాలయములు ఇంజనీరింగు డిగ్రీకి లెక్కింపవు. ఇది తెలియక చేరినవారు రెండేండ్ల తరువాత మరల మొదటికి రావలసివచ్చును. కనుక చేరిన వారముననే సలహాదారుని కలిసికొని, ఏ పాఠము ఎక్కడ చెల్లునో కనుగొనుట మేలు.

ఇట్టి ద్వారము మనకును లేకపోలేదు. పాలిటెక్నిక్ డిప్లొమా ముగించినవారు ఈసెట్ వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరములో చేరుచున్నారు. పనిముట్టు పట్టిన చేతికి లెక్కల జ్ఞానము తోడైనచో ఆ విద్యార్థి ఎవరికిని తీసిపోడు. కావున మన పిల్లలు ఏ కళాశాలలో చేరిరని అడుగుటకంటె, అక్కడినుండి ముందుకు దారి యున్నదా యని అడుగుదము.