రంగం వెళ్ళినవాళ్ళు, రంగం నుంచి వచ్చినవాళ్ళు

మన గోదావరి జిల్లాల్లో పాతతరం వాళ్ళు రంగూన్‌ని "రంగం" అనేవారు. "ఫలానావాళ్ళ అబ్బాయి రంగం వెళ్ళాడట" అంటే చెప్పే గొంతును బట్టి అర్థం మారేది. సంపాదించుకొస్తాడని ఒక అర్థం, అప్పులవాళ్ళకి మొహం చూపించలేక పోయాడని ఇంకో అర్థం, ఇక తిరిగి రాడేమోనని మూడో అర్థం. కోనసీమ పాత మండువా ఇళ్ళలో బర్మా టేకు స్తంభాలు చూసి మనం ముచ్చటపడతాం. ఆ కలప వచ్చిన సముద్రం మీదే మనుషులూ వెళ్ళారు, వచ్చారు. స్తంభాల గురించి చెప్పుకున్నంతగా ఆ మనుషుల గురించి మనం చెప్పుకోమెందుకో.

కాకినాడ దగ్గర కోరంగి ఉంది కదా, ఇప్పుడు పిల్లల్ని తీసుకుని మడ అడవులు చూడ్డానికి వెళ్తుంటాం. ఒకప్పుడది ఓడలు కట్టిన రేవు. 1789లో, మళ్ళీ 1839లో వచ్చిన తుఫానులు దాన్ని దెబ్బతీశాయి. రేవు పూడిపోయి వ్యాపారం కాకినాడకు మారింది. కానీ కోరంగి పేరు సముద్రం దాటి బతికింది. బర్మాలో తెలుగు కూలీని "కొరంగీ" అనేవారు. ఏ ఊరివాడైనా సరే, తెలుగువాడైతే కొరంగీయే. మొదట్లో వచ్చిన రేవుని బట్టి పెట్టిన పేరు, పోనుపోను చులకనగా పిలిచే పిలుపయింది.

ఇంత పచ్చటి నేల వదిలి ఎందుకు వెళ్ళారు? ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా పంటలతో నిండింది, నిజమే. కాలవ నీళ్ళు పొలం ఉన్నవాళ్ళ పొలంలోకి వెళ్తాయి. పొలం లేనివాళ్ళకి దక్కేది ఊడ్పులకీ కోతలకీ కూలి, మధ్యలో ఖాళీ నెలలు. మెట్ట ప్రాంతాల్లో, అటు విశాఖ, శ్రీకాకుళం వైపు వాన మీద బతికే ఊళ్ళలో ఇంకా కష్టం. అదే కాలంలో బర్మాలో ఐరావతి డెల్టా వరిసాగు పెరిగి, రంగూన్‌లో రైసు మిల్లులు వెలిశాయి. రేవులో బస్తాలు మోయడానికి మనుషులు కావాలి. మేస్త్రీలు ఊళ్ళమ్మట తిరిగి అడ్వాన్సు చేతిలో పెట్టి, ఓడ చార్జీ కట్టి, డెక్కు మీద కూర్చోబెట్టి తీసుకెళ్ళేవారు. అక్కడికి వెళ్ళాక ఆ బాకీ కూలిలో విరగ్గోసుకునేవారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. రంగూన్ నగరంలోనైతే సగానికి పైగా భారతీయులే.

ఇక్కడ నాకు పట్టిన విషయం ఒకటుంది. ఆ కూలీల్లో ఆడవాళ్ళు బహు తక్కువ. అంటే రంగం వెళ్ళిన ప్రతి కొరంగీ వెనకా ఇక్కడ ఏదో ఊళ్ళో ఒక తల్లో, భార్యో ఉండిపోయింది. మనియార్డరు వస్తే ఆ నెల గడిచేది, రాకపోతే అప్పో, పొలం కూలో. ఓడెక్కినవాళ్ళని ప్రభుత్వం లెక్కపెట్టింది. పొయ్యి ఆరకుండా చూసినవాళ్ళని ఎవరూ లెక్కపెట్టలేదు.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మా కూలీలను పనిలోకి తెచ్చాయి. తర్వాత సమ్మె తీరింది, పాతవాళ్ళని వెనక్కి పిలిచి కొత్తగా చేరినవాళ్ళని పొమ్మన్నారు. అక్కడ మొదలైన గొడవ ఊచకోతగా మారింది, ఎందరో తెలుగువాళ్ళు చనిపోయారు. ఆలోచిస్తే రెండు వైపులా ఉన్నది బస్తా మోస్తేగాని పూట గడవనివాళ్ళే. ఇద్దరినీ అలా ఎదురెదురుగా నిలబెట్టినవాళ్ళకి దెబ్బ తగల్లేదు.

తర్వాత యుద్ధం. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఓడల్లో చోటు కొందరికే దొరికింది. మిగతావాళ్ళు నడిచారు. కొందరు అరకాన్ కొండలు దాటి చిట్టగాంగ్ వైపు, కొందరు తమూ మీదుగా మణిపూర్ వైపు. నాలుగైదు లక్షల మంది నడిచారంటారు. ఆకలికి, మలేరియాకి, కలరాకి దారిలోనే వేలమంది పోయారు. అలా ప్రాణాలు దక్కించుకుని కొందరు ఇళ్ళు చేరుతుండగానే, 1942 ఏప్రిల్ 6న అవే జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. రంగం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళకి ఆ చప్పుడు మళ్ళీ వినిపిస్తే ఎలా ఉండి ఉంటుందో!

యుద్ధం అయ్యాక కొందరు తిరిగి వెళ్ళారు. వెళ్ళనివాళ్ళకన్నా వాళ్ళ గురించే నేను ఎక్కువ ఆలోచిస్తాను. అన్ని అగచాట్లు పడి మళ్ళీ ఎందుకు? ఎందుకంటే అప్పటికి చాలామందికి బతుకు అక్కడే ఉంది. కొట్టు, ఇల్లు, ఇరుగుపొరుగు, అన్నీ అక్కడే. అక్కడే పుట్టి పెరిగిన తరం కూడా ఉంది.

ఆ తరం మీదే 1960లలో దెబ్బ పడింది. 1962లో జనరల్ నే విన్ సైన్యంతో అధికారం తీసుకున్నాడు. 1964లో దుకాణాలు జాతీయం చేశారు. అదే ఏడాది మేలో 50, 100 చాట్ నోట్లు రద్దయ్యాయి. కొట్టు పోయింది, దాచుకున్న నోట్లు చిత్తుకాగితాలయ్యాయి. ఇండియా వెళ్ళేవాళ్ళు నగలూ డబ్బూ తీసుకెళ్ళడం మీద గట్టి ఆంక్షలు పెట్టారు. ఆ నాలుగైదేళ్ళలో లక్షన్నర మందికి పైగా ఇండియాకి వచ్చేశారు. ఏళ్ళ తరబడి కూడబెట్టిన సంసారంలోంచి ఏది సర్దుకోవాలో, ఏది వదిలెయ్యాలో తేల్చుకోవడం ఎంత కష్టమో ఇల్లు మారిన ప్రతి ఆడదానికీ తెలుసు. వాళ్ళు మారింది దేశం.

ప్రభుత్వం వాళ్ళని కాందిశీకులంది. క్యాంపులు పెట్టింది, అప్పులిచ్చింది. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు ఆ పేరుతోనే నిలిచింది. బర్మా, సిలోన్ల నుంచి వచ్చినవాళ్ళ కోసం 1969లో మద్రాసులో రెప్కో బ్యాంకు పెట్టారు. మద్రాసు హార్బరు ఎదురుగా బర్మా బజారు వెలిసింది, అక్కడి నూడుల్స్ అత్తో ఇప్పటికీ ఆ వీధిలో అమ్ముతారు.

కాగితాల మీద వాళ్ళు "స్వదేశం తిరిగి వచ్చినవాళ్ళు". ఆ మాట దగ్గరే నాకు పేచీ. మొదట ఓడెక్కిన తాతకి ఇది తిరిగి రావడమే. కానీ రంగూన్‌లో పుట్టి, బర్మీస్‌లో చదువుకుని, చెంపలకి తనాకా గంధం రాసుకుని, పక్కింటి బర్మా పిల్లతో ఆడుకున్న మనవరాలికి ఇది దేశం వదలడం. అక్కడ "కొరంగీ" అన్నారు, ఇక్కడ "బర్మావాళ్ళు" అన్నారు. రెండు చోట్లా పరాయివాళ్ళే. బియ్యం అదే, చేపలూ అవే. అయినా వండే తీరు వేరు, మాట యాస వేరు, కట్టూబొట్టూ వేరు.

ఇల్లు మళ్ళీ కట్టుకోవచ్చు. అప్పు చేసి కొట్టు పెట్టుకోవచ్చు. బంధువుల్ని కూడా వెతికి పట్టుకోవచ్చు, ఇంటిపేరూ ఊరూ చెప్తే ఎవరో ఒకరు చుట్టరికం కలుపుతారు. స్నేహితురాలికి అలాంటి ఆనవాలేమీ ఉండదు. ఉత్తరాలు సరిగా నడవని రోజుల్లో సముద్రానికి అవతల ఉండిపోయిన నేస్తం బతికుందో లేదో కూడా తెలిసేది కాదు. నష్టపరిహారం లెక్కల్లో దానికి కాలమ్ లేదు. అందుకే కాందిశీకులు ఒకే క్యాంపులో, ఒకే వీధిలో ఉండాలనుకోవడం నాకు సహజంగా అనిపిస్తుంది. ఆ వీధిలో "రంగూన్‌లో మా ఇంటి దగ్గర" అని మొదలుపెడితే వినేవాళ్ళుంటారు.

ఇప్పుడు కోనసీమ నుంచి ఆడవాళ్ళే కువైట్, మస్కట్ వెళ్తున్నారు, ఇంటిపనికి. ఈసారి ఇక్కడ ఉండిపోయేది భర్తా, పిల్లలూ, ముసలి తల్లులూ. కొందరు పదేళ్ళకీ, పదిహేనేళ్ళకీ తిరిగొస్తారు. వచ్చిన ఆవిణ్ణి మనం అడిగే మొదటి ప్రశ్న "ఎంత తెచ్చుకున్నావమ్మా?" అని. డబ్బు లెక్క తర్వాత అడుగుదాం. ముందు "అక్కడ నీకెవరుండేవారు?" అని అడిగి, కాసేపు కూర్చుని వినొచ్చు.