గోప్యతకు చెల్లించిన వెల: అల్జీరియా నిర్బంధ శిబిరాలలో రెడ్‌క్రాస్ సందర్శనలు (1955–1962)

అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ నిర్బంధితులను సందర్శించే విధానాన్ని దాని నియమాల ఆధారంగా వివరించడం పరిపాటి. గోప్యత అనే షరతు ఎవరికి ఎంతవరకు రక్షణనిచ్చిందో తెలియాలంటే మాత్రం అది భగ్నమైన సందర్భాన్ని పరిశీలించాలి. అల్జీరియా స్వాతంత్ర్య యుద్ధకాలంలో, 1960 జనవరిలో, అటువంటి సందర్భం ఎదురైంది.

1954 నవంబరులో మొదలైన తిరుగుబాటును ఫ్రాన్స్ యుద్ధంగా అంగీకరించలేదు. స్వదేశంలోని శాంతిభద్రతల సమస్యగానే పరిగణించింది. చిక్కంతా ఈ నామకరణంలోనే ఉంది. రెండు రాజ్యాల మధ్య యుద్ధమైతే, 1949 నాటి మూడవ జెనీవా ఒడంబడికలోని 126వ అధికరణం ప్రకారం యుద్ధఖైదీలతో సాక్షులు లేకుండా మాట్లాడే హక్కు కమిటీ ప్రతినిధులకు ఉంటుంది. అంతర్గత సంఘర్షణలకు వర్తించే 3వ అధికరణం అటువంటి హక్కు ఇవ్వదు. సేవలందిస్తామని కమిటీ ప్రతిపాదించవచ్చు, అంతే. 1955 ఫిబ్రవరి తొలి రోజులలో ప్రధాని పియెర్ మెండెస్ ఫ్రాన్స్ అనుమతించారు. కొద్దిరోజులకే ఆయన ప్రభుత్వం కూలిపోయినా అనుమతి నిలిచింది. 1962 వరకు పది బృందాలు అల్జీరియాకు వెళ్లాయి.

ప్రతినిధులు శిబిరాన్ని చూసి, నిర్బంధితులతో కావలివారు వినకుండా మాట్లాడి, తమ పరిశీలనలను అధికారులకు తెలిపేవారు. లిఖిత నివేదిక ఫ్రెంచి ప్రభుత్వానికి మాత్రమే చేరేది. నోరు విప్పిన ఖైదీ ప్రతినిధి వెళ్లిపోయాక కూడా అదే శిబిరంలో ఉండాలి. గోప్యతను ప్రభుత్వానికి చేసిన మర్యాదగా మాత్రమే చదివేవారు ఈ సంగతిని విస్మరిస్తారు.

ఏడవ బృందం 1959 అక్టోబరు, నవంబరు నెలలలో పర్యటించింది. నిర్బంధ శిబిరాలలో పరిస్థితులు కొంత మెరుగుపడ్డాయని నివేదిక గుర్తించింది. అరెస్టయినవారిని మొదట ఉంచి ప్రశ్నించే తాత్కాలిక కేంద్రాలలో చిత్రహింసల ఆరోపణలు ఆగలేదనీ నమోదు చేసింది. 1960 జనవరి 5న ‘లె మోంద్’ పత్రిక ఈ నివేదిక సారాన్ని ప్రచురించింది. బయటపెట్టింది జెనీవా కాదు. అయినా సందర్శనలు ఏడాదిపాటు నిలిచిపోయాయి. ఎనిమిదవ బృందం 1961 జనవరిలోగాని వెళ్లలేకపోయింది.

ప్రచురణ వలన మేలు జరగలేదనడం సరికాదు. తటస్థ సంస్థ వాంగ్మూలం ఫ్రెంచి ప్రజల ముందుకు వచ్చింది. కేవలం శత్రుప్రచారమని కొట్టిపారేయడం అంతకుముందులా తేలిక కాలేదు. పైగా అంతకుముందరి ఆరు బృందాల రహస్య నివేదికలు అందినా చిత్రహింసలు ఆగలేదు. కమిటీ మౌనాన్ని తప్పుపట్టే విమర్శకుల వాదనకు బలం ఇక్కడే ఉంది. కాని ఆ ఏడాది విరామాన్ని భరించినవారు పాఠకులు కారు, మంత్రులూ కారు. తమ మాట వినడానికి బయటి మనిషి ఒక్కడూ రాని నిర్బంధితులు భరించారు. లాభనష్టాలు వేర్వేరు మనుషులకు దక్కినప్పుడు వాటిని ఒకే త్రాసులో తూచడం చరిత్రకారునికి సులభం కాదు.

1951–1965 నాటి కమిటీ దస్తావేజులు 2004లో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. అప్పటికి అల్జీరియా స్వతంత్రమై నలభై రెండేళ్లు గడిచాయి.