పియానో మీద ఫొటో

1924. ఫ్రాన్స్‌లోని షామొనీ. మొట్టమొదటి శీతాకాల ఒలింపిక్స్. పదకొండేళ్ల పిల్ల స్కేటింగ్ చేస్తూ చేస్తూ టక్కున ఆగింది. రింక్ అంచుకు జారుకుంటూ వచ్చి, తర్వాత ఏం చెయ్యాలో కోచ్‌ని అడిగి మళ్లీ వెళ్లింది. బరిలో ఉన్నది ఎనిమిది మంది. ఆ పిల్లది ఎనిమిదో స్థానం.

పేరు సోన్యా హెనీ. ఊరు ఓస్లో. తండ్రి విల్హెల్మ్ ఫర్ కోట్ల వ్యాపారి, ఒకప్పుడు సైకిల్ పందేల్లో ప్రపంచ విజేత. మరో మూడేళ్లకే, 1927లో, కూతురూ ప్రపంచ చాంపియన్ అయింది. ఆ గెలుపు మీద పెద్ద గొడవ. ఓస్లోలో జరిగిన ఆ పోటీలో ఐదుగురు జడ్జీలుంటే ముగ్గురు నార్వేవాళ్లే, ఓట్లు 3-2. ఆ తర్వాత ఆమె ఆ టైటిల్ ఎవరికీ వదల్లేదు. 1936 దాకా వరసగా పది ప్రపంచ టైటిళ్లు, మూడు ఒలింపిక్ స్వర్ణాలు.

1936లోనే, ఒలింపిక్స్‌కు ముందు, బెర్లిన్‌లో ప్రదర్శన. ఎదురుగా హిట్లర్. సోన్యా చెయ్యి చాచి నాజీ వందనం చేసింది. నార్వే పత్రికలు భగ్గుమన్నాయి. ఒలింపిక్స్‌లో ఆ చెయ్యి లేవలేదు. కానీ తర్వాత బెర్చ్‌టెస్‌గాడెన్ దగ్గర హిట్లర్ విడిదికి భోజనానికి వెళ్లింది. ఆయన సంతకం చేసిన ఫొటో తెచ్చుకుంది.

1940 ఏప్రిల్‌లో జర్మన్ సైన్యం నార్వేలో దిగింది. సోన్యా అప్పటికే హాలీవుడ్ తార. ఓస్లో శివార్లలో, లాండోయాలో ఉన్న ఆమె ఇంట్లోకి సైనికులు వచ్చారు. పియానో మీద, అందరికీ కనబడేలా, హిట్లర్ ఫొటో. దాని మీద ఆయన చేతిరాత. బూట్లు అక్కడే ఆగిపోయి ఉంటాయి. ఆమె ఆస్తుల్లో ఒక్కదాని జోలికీ వాళ్లు పోలేదు.

1942లో అదే దేశంలో, నాజీలు చెప్పినట్టు చెయ్యం అన్నందుకు వెయ్యిమందికి పైగా టీచర్లను పట్టుకెళ్లారు. వాళ్లలో కొన్ని వందలమందిని ఉత్తరాన కొసనున్న కిర్కెనెస్‌లో వెట్టిచాకిరీకి తోలారు.

సోన్యాకు నాజీ సిద్ధాంతం ఒంటబట్టిందని నేననుకోను. చప్పట్లు కొట్టేవాడు ఉంటే చాలు, వాడెవడని అడిగే మనిషి కాదు. అంతమాత్రాన తప్పు ఒప్పైపోదు. 2018లో దర్శకురాలు అన్నె సెవిట్‌స్కీ తీసిన ‘సోన్యా: ద వైట్ స్వాన్’ నాకు నచ్చింది అందుకే. ఇనె మారీ విల్మన్ నటించిన సోన్యాలో కసి ఉంది, డబ్బు యావ ఉంది, తాగుడు ఉంది. సినిమా ఆమెను దేవతను చెయ్యదు.

లుకేమియాతో బాధపడుతూ 1969 అక్టోబర్ 12న పారిస్ నుంచి ఓస్లోకు వస్తున్న విమానంలో ఆమె కన్నుమూసింది. 57 ఏళ్లు. అంతకు చాలాముందే, 1953లో, ఓస్లోలో ఆమె ఐస్ షోకి జనం విరగబడి వచ్చారు. ఆ జనంలో కిర్కెనెస్ నుంచి తిరిగొచ్చిన టీచర్ల పిల్లలూ ఉండే ఉంటారు. నాకు సోన్యా కంటే వాళ్లతో మాట్లాడాలని ఉంది.