జంగమకోటె ఇంటి ఆంప్లిఫయర్: పెద్ద పెట్టె నుంచి చిన్న పెట్టె దాకా

మన ఇంటి పాత సామాన్ల కథలు ఒక్కొక్కటే రాస్తా వస్తున్నాం కదా, ఈసారి పాటల పెట్టె వంతు. పోయిన ఏడు నాయన, అమ్మ జంగమకోటె ఇల్లు ఖాళీ చేసి బెంగళూరులో మా దగ్గరికి వచ్చేసినారు. తిరగలి, రోలు, ఇత్తడి గంగాళం, పురుగుల ఇంట్లోని చంద్రికలు, అన్నిటికీ ఎవరో ఒకరు దొరికినారు. నడిమింట్లో ఉండే స్టీరియో మాత్రం ఎవురూ అడగలేదు. అడిగినా నాయన ఇచ్చేవాడు కాదనుకోండి.

మొదట చెప్పుకోవలసిన మాట. నేను చదివింది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు సినిమా పోస్టర్లు చూసి, ఎల్పీ కవర్లు చూసి కూడబలుక్కున్నవాణ్ణి. ఘంటసాల భగవద్గీత కవరు మీది అక్షరాలే నాకు తెలుగు బాలశిక్ష. కాబట్టి తప్పులుంటే అత్తలు, చిన్నాయనలు దిద్దండి.

తాత కాలంలో ఇంట్లో ఉండింది వాల్వు రేడియో. అది వేడెక్కి మాట్లాడేదానికి కొంచెం సేపు పట్టేదని నాయన చెప్తాడు. దానికి పోస్టాఫీసులో లైసెన్సు కట్టాల. 1955లో బెంగళూరు ఆకాశవాణి మొదలైనాక కన్నడం బాగా వినపడేది, రాత్రిపూట తెలుగు కావాలంటే కడప కేంద్రం కోసం ముల్లు సన్నగా తిప్పుకోవాల. రేడియోలోనే ఆంప్లిఫయర్ ఉంది, స్పీకరూ ఉంది. విడిగా ఆంప్లిఫయర్ అనే వస్తువొకటుందని ఊళ్లో తెలిసింది గుడి మైకు వల్లనే. ఢిల్లీ ఆహుజా పెట్టె, కొబ్బరి చెట్టుకు కట్టిన హారన్, జాత్రకు రెండు రోజుల ముందు నుంచే మోత.

1986లో గూళ్ల ధర బాగా వచ్చింది. నాయన శిడ్లఘట్ట మార్కెట్‌లో గూళ్లు అమ్మి, ఆ డబ్బుతో నేరుగా బెంగళూరు బస్సెక్కినాడు. ఆ రోజుల్లో బయటిదేశం ఆంప్లిఫయర్ అంటే గల్ఫ్ నుంచి ఎవరైనా తేవాల, లేదంటే దిగుమతి సుంకం కట్టి తెప్పించుకోవాల. మనవాళ్లకు అందేవి ఫిలిప్స్, సోనోడైన్, కాస్మిక్ లాంటివి. అవి కూడా బరువైన ధరలే. అందుకని నాయన ఒక మెకానిక్ దగ్గర చేయించినాడు. టేకు చెక్క పెట్టె, లోపల 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు, తలకాయంత ట్రాన్స్‌ఫార్మర్. దానికి మనిషి నడుము ఎత్తు స్పీకర్లు రెండు, ఒక్కోదాంట్లో పన్నెండంగుళాల వూఫర్. పక్కన రికార్డ్ ప్లేయరు, క్యాసెట్ డెక్కు. ఆ ఒక్క 2ఎన్3055 మన దేశంలో ఎన్ని ఇళ్లల్లో పాడిందో లెక్కలేదు. అంగట్లో సులభంగా దొరికేది, కాలిపోతే మళ్లీ వేసుకునేవాళ్లు.

నాయన చేయించిన పెట్టెనే ఇప్పటి భాషలో ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫయర్ అంటారు. అంటే ప్రీ ఆంప్లిఫయర్, పవర్ ఆంప్లిఫయర్ రెండూ ఒకే పెట్టెలో. మొదటిది సన్నటి సంకేతాన్ని ఎన్నుకొని, సరిచేసి, వాల్యూమ్ చూసుకుంటుంది. రెండోది స్పీకరును తోస్తుంది. వాల్వుల కాలంలో పాటల పిచ్చి ఎక్కువున్నవాళ్లు ఈ రెండింటినీ దూరం దూరంగా పెట్టుకునేవాళ్లు, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ గుంయ్‌మనే మోత సన్నటి సంకేతంలో కలవకుండా. 1958లో స్టీరియో రికార్డులు అంగళ్లకు వచ్చినాక అన్నీ రెండేసి కావలసి వచ్చె. ట్రాన్సిస్టర్లు వచ్చి వాల్వులూ, వాటి వెంట ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లూ పోయినాక, అంతా ఒక పెట్టెలో సర్దడం తేలికైంది.

ఈ చరిత్రలో నాకు బాగా నచ్చింది 1978లో వచ్చిన ఎన్ఏడీ 3020. ఎరిక్ ఎడ్వర్డ్‌సెన్ అనే ఇంజనీరు చేసినాడు. కాగితం మీద 20 వాట్లే. కానీ కష్టమైన స్పీకరు తగిలినా తట్టుకొని నిలబడే శక్తి దాని లోపల పెట్టినారు. ఆ కాలంలో మిగతా కంపెనీలు ముందు పలకకు దీపాలు, మీటలు పెంచుకుంటా పోతుంటే, ఇది చూసేదానికి బీదగా ఉండి పాటలో గెలిచింది. తక్కువ ధరలో మంచి ఆంప్లిఫయర్ గురించి ఇప్పటికీ మాట వస్తే దాని పేరు రాకుండా పోదు.

మన దగ్గర అదే సమయంలో వాట్ల వ్యామోహం. 1990లలో టూ-ఇన్-వన్‌ల మీద 'పీఎంపీఓ' అని పెద్దపెద్ద అంకెలు అంటించేవాళ్లు గుర్తుందా? ఒక క్షణం కూడా నిలవని అంకె అది. నిజంగా ఆగకుండా ఇచ్చే శక్తిని ఆర్ఎమ్ఎస్ లెక్కలో చెప్తారు. అది చూస్తే పదో వంతు కూడా ఉండేది కాదు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. డబ్బా మీది మాట నమ్మకూడదనేదానికే నాకు జీతం.

అయినా ఒకసారి నమ్మినాను. ఇది చెప్పుకోవాల.

ఫ్లాట్‌లో నాయన గది పదికి పన్నెండడుగులు. గోడ అర వెడల్పు పదిహేనంగుళాలు, అమ్మ టేపు పెట్టి కొలిచింది. పాత పెట్టె అందులో పట్టదు. పట్టినా లాభం లేదు, కెపాసిటర్లు ఎండిపోయి గుంయ్‌మంటా ఉంది, ఎడమ పక్క అప్పుడప్పుడు మూగపోతుంది. స్పీకర్లు మా మేనల్లుడు ఎత్తుకుపోయినాడు. సరే అని అరచేతిలో పట్టే ఒక డి-క్లాస్ పెట్టె ఆన్‌లైన్‌లో తెప్పించినాను. 'మూడు వందలు ప్లస్ మూడు వందల వాట్లు' అని రాసుంది. దానితో వచ్చిన అడాప్టర్ చూస్తే 24 వోల్టులు, 4 ఆంపియర్లు. గుణిస్తే 96 వాట్లు. గోడలోనుంచి తీసుకునేదే 96 అయితే స్పీకర్లకు 600 ఎట్ల ఇస్తుంది?

అబద్ధం సంగతి అటుంచండి. డి-క్లాస్ పద్ధతిలో తప్పేం లేదు, కరెంటు తక్కువ తింటుంది, వేడెక్కదు, నిజం చెప్పాలంటే ఆ పెట్టెలో పాట కూడా బానే ఉండె. చిక్కెక్కడంటే వెనక తీగ గుచ్చే చోటు ఒక్కటే. బ్లూటూత్ కాక ఇంకొక్కటి. రికార్డ్ ప్లేయరు పెడితే క్యాసెట్ డెక్కుకు చోటు లేదు. రికార్డ్ ప్లేయరు పెట్టినా వినపడదు.

ఎందుకు వినపడదో నాయనే చెప్పినాడు. రికార్డు మీద గాడి కోసేటప్పుడు లోతు స్వరాలు తగ్గించి, పై స్వరాలు పెంచి కోస్తారు. 1954 నుంచి దీనికి ఆర్ఐఏఏ అని ఒక కొలత ఉంది. ఆడించేటప్పుడు దాన్ని తిరగేసి సరిచేయాల. పైగా మాగ్నెట్ సూది నుంచి వచ్చే సంకేతం అయిదు మిల్లీవోల్టుల లెక్క, సీడీ ప్లేయరు ఇచ్చేది దానికి కొన్ని వందల రెట్లు. ఈ రెండు పనులూ చేసే భాగమే ఫోనో స్టేజి. 'పాత పెట్టెలో అది నేను చెప్పి పెట్టించినానురా, నువ్వు చూడకుండా కొనుక్కొచ్చినావు' అన్నాడు. ముప్పై ఏళ్లుగా ఆ బటను మీద ఇంగ్లీషులో రాసున్న మాట నేను చదివిందే లేదు.

అప్పుడు చేసినాను అసలు టెస్టర్ పని. ఏం వినాలో ముందు రాసుకున్నా: ఎల్పీలు నలభై చిల్లర, క్యాసెట్లు ఒక పెట్టె, నాయన ఫోన్లో పాటలు. ఎంత గట్టిగా వినాలో తర్వాత. చిన్న స్పీకర్ల సెన్సిటివిటీ 86 డెసిబెల్ ఉంటుంది, అంటే ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో 86. మనం మాట్లాడుకునేది 60 దగ్గర. వాట్లు రెండింతలు చేస్తే పెరిగేది 3 డెసిబెల్లే. ఆ గదిలో రోజూ ఖర్చయ్యేది ఒక వాటు, పండగనాడు పది. ముప్పైకి మించింది పక్క ఫ్లాట్ వాళ్ల కోసమే.

చివరికి మిగిలినవి రెండు. యామహా ఏ-ఎస్201, కేంబ్రిడ్జ్ ఆడియో ఏఎక్స్ఏ35. రెండిట్లోనూ ఫోనో ఉంది. యామహా 100 వాట్లు, రెండోది 35. వెడల్పు రెండూ అరకు మించేవే, అర తీసి బల్ల వేయించుకుంటామని అమ్మ ఒప్పుకుంది. కొత్తవి నా 25 వేలకు అందకపోతే, 35 వాట్లది పాతది దొరికింది. అమ్మే ఇంటికి మల్టీమీటరు ఎత్తుకుపోయినా. పాట లేకుండా స్పీకరు టెర్మినళ్ల మధ్య డీసీ వోల్టేజి కొలిస్తే కొన్ని మిల్లీవోల్టులే ఉండాల, యాభై దాటితే వదిలేయాల. వాల్యూమ్ తిప్పితే గరగర రాకూడదు. తక్కువ వాల్యూమ్‌లో రెండు పక్కలూ సమంగా పాడాల. అన్నీ సరిపోయినాయి. అమ్మినాయన నన్ను అనుమానంగానే చూసినాడు.

క్యాసెట్ డెక్కు బెల్టు జిగురై కరిగిపోయింది, ఎస్పీ రోడ్డు పక్కన కొత్తది వేయించినాం. ఇంతకీ ఇంత తిరగడమంతా ఒక్క క్యాసెట్ కోసం. దాని మీద నాయన చేతిరాతలో '1987, అమ్మ' అని ఉంది. అదే డెక్కుకు మైకు పెట్టి జేజి చేత కైవారం తాతయ్య తత్వాలు పాడించినాడు నాయన. జేజి పోయి ఇరవై ఆరేళ్లయింది. నాకు ఆమె గొంతు గుర్తు లేదు.

మొదట గాలి మోత. తర్వాత ఎవరో చెంబు పెట్టిన చప్పుడు. తర్వాత జేజి: 'ఆడతా ఉండాదా అప్పా అది?' నాయన అవతల గదిలో మందులు వేసుకుంటా ఉండినాడు, వచ్చి నిలబడుకున్నాడు. రెండు తత్వాలు నిండుగా ఉన్నాయి. మూడోది సగంలో కరెంటు పోయింది. కరెంటు పోయేటప్పుడు డెక్కు మోటారు నెమ్మదించి ఆగింది కదా, ఇప్పుడు సరైన వేగంలో ఆడిస్తే ఆ చివరి మాట దగ్గర జేజి గొంతు ఒక్కసారిగా సన్నబడి, చిన్నపిల్ల గొంతులా పైకి లేచి, తెగిపోతుంది. నాయన దాన్ని మూడుసార్లు వెనక్కి తిప్పించుకున్నాడు.

ఆంప్లిఫయర్ వెనక రికార్డ్ అవుట్ నుంచి కంప్యూటర్‌కు ఎక్కించినాను, రెండు పక్కలూ కలిపి నలభై ఒక్క నిమిషం. కావలసినవాళ్లు అడగండి, పంపుతాను. ఆ మూడో తత్వం మిగతా సగం చింతామణి వైపు అత్తలకు ఎవరికైనా నోటికి వస్తే, నాయన ఆదివారం ఇంట్లోనే ఉంటాడు, ఫోన్ చేసి ఆయనకే పాడండి.