హరితరేణువులోనికి దారి

ఆకునకు పచ్చదనము నిచ్చు హరితరేణువును రెండు పలుచని త్వచములు చుట్టియున్నవి. సూర్యరశ్మి సాయమున మొక్క ఆహారమును తయారుచేసుకొనునది ఈ రేణువులోనే. ఇది ఒకప్పుడు స్వతంత్రముగా బ్రతికిన సూక్ష్మజీవియనియు, ఎన్నడో మరియొక కణములో కాపురము పెట్టినదనియు 1905లో రష్యను శాస్త్రజ్ఞుడు మెరెష్కోవ్‌స్కీ వ్రాసెను. ఆ మాటను చాలకాలము లక్ష్యపెట్టినవారు తక్కువ. 1962లో రిస్, ప్లాట్ అనువారు రేణువులో డి.ఎన్.ఏ. ఉన్నదని చూపిన పిమ్మట దానికి బలము వచ్చినది.

చిక్కు అక్కడనే మొదలైనది. రేణువు సొంత జన్యువులు చేయించగల మాంసకృత్తులు ఇంచుమించు 80. కావలసినవో, సుమారు 3000! తక్కినవన్నియు కేంద్రకపు ఆజ్ఞచొప్పున వెలుపల తయారై లోనికి రావలసినవే. రెండు త్వచములను దాటుట ఎట్లు?

నేడు రుబిస్కో అని పిలుచు ఎంజైము ఈ చిక్కు విప్పినది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టునది ఇదియే. ఇందు పెద్ద భాగములు ఎనిమిది, చిన్నవి ఎనిమిది. పెద్దది రేణువులోనే తయారగును. చిన్నదాని జన్యువు కేంద్రకమున ఉన్నదని 1972లో పొగాకు మొక్కలపై జరిగిన పరిశోధన తెలిపినది.

న్యూయార్కులోని గుంటర్ బ్లోబెల్ 1975లో మరియొక సంగతిని ప్రయోగపూర్వకముగా బలపరచెను. కణమునుండి వెలికిపోవు మాంసకృత్తుల మొదట చిరునామావంటి తునక యుండును. అవి తయారగుచుండగనే త్వచమును దాటును. హరితరేణువునందును ఇంతేనా?

1978లో ఇంగ్లండున హైఫీల్డు, ఎల్లిస్. అమెరికాలో చువా, ష్మిడ్టు వేరువేరుగా దీనిని పరీక్షించిరి. చిన్న భాగమును పరీక్షనాళికలో తయారుచేయగా అది ఉండవలసిన దానికన్న పొడవుగా వచ్చినది. చువా బృందము దానిని తయారుచేసిన రైబోసోములను తొలగించి, పిమ్మట చెడని హరితరేణువులను కలిపిరి. తరువాత మాంసకృత్తులను హరించు ఎంజైమును పోసిరి. బయట మిగిలినది నశించినది. లోపల చేరినది నిలిచినది. పైగా దాని అదనపు తునక తెగిపోయి, అది పెద్ద భాగముతో జతకూడినది కూడ! తయారీ ముగిసిన పిదపనే ప్రయాణమని తేలినది. ఇంత తేటయైన ప్రయోగము అరుదు.

ద్వారములను గుర్తించుటకు మరి పదునైదేండ్లు పైగా పట్టినది. వెలుపలి దానికి టాక్, లోపలి దానికి టిక్ అని పేర్లు. మాంసకృత్తు ముడుత విప్పుకొని దారమువలె దూరును. అందుకు శక్తి వ్యయమగును. బ్లోబెల్‌కు 1999లో నోబెల్ బహుమానము లభించినది. 2013లో జపానులో నకాయ్ బృందము, లోపలి ద్వారపు ముఖ్యభాగ మొకటి రేణువు సొంత జన్యువునుండియే వచ్చుచున్నదని చెప్పగా వివాదము రేగినది. 2022, 2023 సంవత్సరములలో ఒక పచ్చని నాచునందలి ద్వారముల ఆకృతి బయటపడి, ఆ మాటకు ఊత మిచ్చినది. అయితే వరి మొదలగు గడ్డిజాతి మొక్కలలో ఆ జన్యువు లేనేలేదు; వాని లోపలి ద్వారమును గూర్చిన వాదము ఇంకను సాగుచునే యున్నది.