కోనసముద్రపు ఉక్కు: ఉష్ణరసాయన దృష్టి

ఉష్ణగతిశాస్త్ర బోధనను ఆవిరియంత్రముతోను, కార్నో పేరుతోను ఆరంభించుట పరిపాటి. కార్నో గ్రంథము పారిస్‌లో 1824లో వెలువడినది. మహాత్రికోణమితి సర్వేలో వైద్యుడుగాను, భూగర్భశాస్త్రజ్ఞుడుగాను పనిచేసిన హెన్రీ వాయ్సే ఆ సంవత్సరమే మరణించెను. అతడు కోనసముద్రమున చూచిన ఉక్కు తయారీ వివరణము 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయినది. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచుకొని చదువుట మేలని మా తలంపు.

కోనసముద్రము నేటి నిజామాబాదు జిల్లాలోనిది. దానికి తూర్పున మెట్‌పల్లి, కోరుట్ల. ఆగ్నేయముగా కోనరావుపేట, సిరిసిల్ల కలవు. 2010లో బెంగుళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థయు, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయమును కలిసి ఉత్తర తెలంగాణమున జరిపిన క్షేత్రపరిశోధనలో పెక్కు గ్రామములలో ఇనుపచిట్టెపు జాడలు నమోదైనవి.

వాయ్సే చెప్పినది ఇది: రెండు విధములైన ఇనుమును, మిర్ట్‌పల్లిది మూడు పాళ్లు, కొండాపురముది రెండు పాళ్లు చొప్పున, గాజువంటి చిట్టెముతో కూడ మట్టిమూసలో నుంచి, తిత్తులతో ఇరువదినాలుగు గంటలు కాల్చుదురు. మిర్ట్‌పల్లి యనగా మన మెట్‌పల్లియే యని తోచుచున్నది.

ఇక్కడనే అసలు ప్రశ్న. శుద్ధమైన ఇనుము 1538 సెంటిగ్రేడు డిగ్రీల కడ గాని కరగదు. బొగ్గుకొలిమిలో అంత వేడి నిలుపుట మిక్కిలి కష్టము. అయినను ఉక్కు కరగి ముద్దయైనది. ఎట్లు? నూటికి 4.3 పాళ్లు కర్బనము గల ఇనుము 1150 డిగ్రీల ప్రాంతముననే ద్రవమగును. ఒక ఇనుమున కర్బనము హెచ్చుగాను, రెండవదానిలో తక్కువగాను ఉన్నచో, మొదటిది ముందు కరగి రెండవదానిని తనలో లీనము చేసికొనును. మంచుపై ఉప్పు చల్లినపుడు మంచు తన ద్రవీభవన స్థానమునకు దిగువనే నీరగుట ఇట్టిదే. కర్బనము ఇరువురికిని పంచబడి, నూటికి ఒకటిన్నర పాళ్ల ప్రాంతమున నిలిచినపుడు 1430 డిగ్రీలకు లోపలనే మొత్తము ద్రవము కాగలదు. పాళ్ల నియమమును వట్టి అలవాటుగా కొట్టివేయువారితో మేము ఏకీభవింపజాలము. సూత్రము లేకున్నను కొలత కలదు.

తిత్తుల సంగతియు విచారింపదగినది. పన్నెండు గ్రాముల కర్బనము పూర్తిగా కాలి కార్బన్ డయాక్సైడైనచో 394 కిలోజౌళ్ల ఉష్ణము వెలువడును. కార్బన్ మోనాక్సైడు కడనే ఆగినచో 110 మాత్రమే. పైగా వేడిబొగ్గు తాకిన డయాక్సైడు మరల మోనాక్సైడగుచు 172 కిలోజౌళ్లను మ్రింగివేయును. కావున గాలి తగ్గిన క్షణముననే కొలిమి చల్లబడును. రాత్రింబవళ్లు తిత్తి యొత్తినవారి శ్రమ ఈ లెక్కలోనిదే.

మూసమట్టిలో ఊక కలుపుట మరియొక నేర్పు. అది కాలి సిలికాను, కర్బనమును మిగుల్చును. సిలికా మూసకు తాపసహనము నిచ్చును, కర్బనము లోపలి గాలిలోని ప్రాణవాయువును హరించును.

చల్లారిన ముద్ద పెళుసుగా నుండును. దానిని మట్టితో కప్పి, మరల మరల ఎఱ్ఱగా కాచి, సుత్తికి లొంగునట్లు చేయుదురని వాయ్సే తెలిపెను. అతడు వెళ్లిన వేళ ఇస్ఫహాను నుండి వచ్చిన పారశీక వర్తకు డొకడు అచ్చటనే యుండి ఉక్కు కొనుచుండెను.