పల్లె పంతులు, పిడికెడు బియ్యం : అజరయ్యగారి కాలపు సంఘం

అనకాపల్లిలో రైలెక్కి బెజవాడ, కాజీపేటల మీదుగా హైదరాబాదు పోయే మన తుమ్మపాల వారికి డోర్నకల్ అనేది దారిలో వచ్చే ఒక జంక్షను మాత్రమే. ఖమ్మం దాటిన తరువాత వస్తుంది. అక్కడ బండి ఆగితే టీ తాగి మళ్లీ ఎక్కేస్తాము. తెలుగు క్రైస్తవులలో సామాన్య విశ్వాసి స్థానమేమిటో తేల్చిచెప్పిన ఊరు అదేనని మనలో చాలామందికి గుర్తుండదు.

క్రైస్తవ నాయకత్వం అనగానే మన మనస్సు ముందుగా వేదిక మీది కుర్చీల వైపు పోతుంది. కాపరిగారు, కార్యదర్శిగారు, కోశాధికారిగారు, వారి ఎన్నికలు, ఆ ఎన్నికల తగాదాలు. కుర్చీలు అవసరం లేదని నేననను. అయితే మన సంఘ చరిత్రను కొంచెం తిరగేస్తే, సంఘాన్ని నిలబెట్టిన వారిలో ఎక్కువమంది కుర్చీ లేనివారేనని తెలుస్తుంది.

మన విశాఖ తీరానికి లండన్ మిషనరీ సొసైటీ వారు 1805లో వచ్చారు. జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు యువకులు. క్రాన్ 1809లోను, డెస్ గ్రాంజెస్ 1810లోను కన్నుమూశారు. అంతటితో పని ఆగిపోవలసిందే. కాని సువార్తలను తెలుగులోకి తర్జుమా చేసే పనిలో వారికి కుడిభుజంగా నిలిచినవాడు ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు. ఆ తర్జుమా 1812లో శ్రీరాంపురంలో అచ్చయింది. దొరలు పోయినా పుస్తకం మిగిలింది. ఆ పుస్తకం వెనుక మనవాడి చెయ్యి ఉన్నది.

అయినా ఆ తరువాత నూరేళ్లపాటు సంఘ నాయకత్వం అంటే దొరగారి నాయకత్వమే. మనవారు ఉపదేశులు, బైబిలు స్త్రీలు, బోయీలు. ఈ వరుసను మొదట కదిలించినవారు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు.

ఆయన తెలుగువారు కారు. 1874లో తిరునల్వేలి జిల్లా వెల్లాలన్‌విళైలో పుట్టారు. తండ్రి పల్లెటూరి సంఘ కాపరి. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు గాని ఆఖరి పరీక్ష సమయానికి జబ్బుపడి పట్టా లేకుండానే బయటికి వచ్చారు. (పట్టా లేదని పిల్లలను చిన్నచూపు చూసే తల్లిదండ్రులు ఈ సంగతి గమనించాలి. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది.) వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దేశమంతా తిరిగారు. 1903లో తిరునల్వేలి వారి స్వదేశ మిషను, 1905లో జాతీయ మిషనరీ సంఘము ఏర్పడటంలో ముందు నిలిచారు. ఇతరులను పంపించి తాను ఊరకుండటం ఆయనకు సరిపడలేదు. 1909లో మంచి ఉద్యోగం వదిలి, నైజాం ఇలాకాలోని డోర్నకల్‌కు తానే మిషనరీగా వచ్చారు. ముప్పది అయిదేళ్ల వయస్సులో తెలుగు ఓనమాలు దిద్దుకున్నారు.

మరుసటి ఏడు, 1910లో, స్కాట్లండు దేశపు ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ ఆయన చెప్పినది చాలామందికి రుచించలేదు. మీరు మాకోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, అందుకు మా వారు కృతజ్ఞులే, కాని మాకు స్నేహితులు కావాలి అన్నది ఆ ప్రసంగ సారాంశం. దొర తన క్రింది భారతీయ సేవకుణ్ణి ఇంటికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవటం కూడ అరుదైన రోజులవి. నాయకత్వానికి మొదటి పరీక్ష భోజనం బల్ల దగ్గరే జరుగుతుందని ఆయన అంతమంది ఎదుట చెప్పినట్టయింది.

1912 డిసెంబరు 29న కలకత్తా సెంట్ పాల్ కెథడ్రల్‌లో ఆయనకు అధ్యక్షాభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు ఆయనే. మిషనరీలలో కొందరు ముందునుంచీ వద్దన్నారు. ఆయనకు అప్పగించినది మొదట చిన్న అధ్యక్ష మండలమే. తరువాత కృష్ణా ప్రాంతపు సంఘాలు కూడ దానిలో కలిసి అది ఎంతో పెద్దదయింది.

ఇక అసలు విషయం. ఇన్ని పల్లెలను ఒక్క బిషప్పు, కొద్దిమంది గురువులు ఎట్లా కాచారు? కాయలేదు. కాచినవాడు పల్లె పంతులు.

ఆ పంతులుగారిని మన పెద్దలు ఎరుగుదురు. పగలు పిల్లలకు అక్షరాలు, రాత్రి కూలి నుంచి వచ్చిన పెద్దలకు ప్రభువు నేర్పిన ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణము. చదువురాని వారు కీర్తన పాడి పాడి వాక్యం నేర్చుకునేవారు. జబ్బు చేస్తే మందుకు పంతులు, తగాదా వస్తే తీర్పుకు పంతులు, కరణంగారికి అర్జీ వ్రాయాలంటే పంతులు. పంతులమ్మగారు ఆడవారిని కూర్చోబెట్టుకుని ప్రార్థన నేర్పేది, బాలింతను చూసేది. అజరయ్యగారి భార్య అన్బు అమ్మగారు కూడ స్త్రీల పనిలో భర్తతో సమంగా కష్టపడినవారే. ఈ పంతుళ్ల పేర్లు చరిత్ర గ్రంథాలలో లేవు. వారి జీతం ఎంత తక్కువో, అది కూడ ఎంత ఆలస్యంగా వచ్చేదో వారి పిల్లలకు తెలుసు.

అయితే పంతులుతోనే సరిపెట్టలేదు అజరయ్యగారు. బాప్తిస్మము పొందిన ప్రతివాడూ సాక్షి అన్నారు. క్రొత్తగా బాప్తిస్మము పొందినవారు తమ చెయ్యి తమ తలమీద పెట్టుకుని, తాము బాప్తిస్మము పొందిన క్రైస్తవులమని, సువార్త చెప్పకుండా ఊరుకుంటే తమకు కీడేనని పౌలు భక్తుని మాటను అనుసరించి పలికేవారు. ఏటేటా సాక్ష్య వారం జరిగేది. కూలివాళ్లు, పాలేర్లు, ఆడవాళ్లు ఆ వారం పక్క పల్లెలకు నడిచి వెళ్లేవారు. వారికి ప్రసంగం రాదు. తమ ఇంట్లో ఏమి మారిందో చెప్పేవారు.

మారకపోతే చెప్పటానికేమీ ఉండదు గదా! అందుకే ఆయన మురికి, రోగము, అప్పు, తాగుడు అనే నాలుగింటిని సంఘానికి శత్రువులుగా ఎంచి ఎక్కడికి వెళ్లినా వాటి మీద మాట్లాడారు. వాకిలి ఊడ్చుకున్నారా, కల్లు మానారా అని ఒక బిషప్పు అడగటం ఇప్పుడు మనకు చిన్నతనంగా తోచవచ్చు. నాకు మాత్రం అదే పెద్దతనంగా కనబడుతుంది. చచ్చిన గొడ్డు మాంసం మానినందుకు, జాతరలో డప్పు కొట్టనన్నందుకు, ఆదివారం వెట్టికి రానన్నందుకు తెలుగు దేశంలో ఎందరో పేద క్రైస్తవులు దెబ్బలు తిన్నారు, పని పోగొట్టుకున్నారు. విశ్వాసాన్ని దినచర్యలోకి తెస్తే ఖర్చు అట్లా ఉంటుంది.

దీని ఫలితం ఊహించని చోటునుండి వచ్చింది. 1930లలో శూద్ర కులాల వారు వేల సంఖ్యలో సంఘంలో చేరసాగారు. తమ పొలంలో పనిచేసే మాల మాదిగల నడత మారటం కళ్లారా చూసి వచ్చామన్నవారు వారిలో చాలామంది. 1933లో సామూహిక ఉద్యమాలపై వెలువడిన పికెట్‌గారి పరిశోధన కూడ ఈ మార్పును గుర్తించింది. ప్రసంగ పీఠం చేయలేని పనిని పాలేరు చేశాడు.

ఇంత చెప్పి, చేదు సంగతి దాచకూడదు. సంఘంలో కులం పోలేదు. ఒకే పాత్రలో ప్రభువు సంస్కారం పుచ్చుకున్నవారే బయటికి వచ్చి మాలపేట, మాదిగపేట అని విడిపోయారు. అజరయ్యగారు దీనితో జీవితమంతా పోరాడారు, పూర్తిగా గెలవలేదు. మనమూ గెలవలేదు. పెండ్లి సంబంధం వచ్చినప్పుడు మనం మొదట ఏమి విచారిస్తామో మనకు తెలుసు. అభ్యర్థి ఏ పేటవాడని కమిటీ ఎన్నికలలో లెక్కవేసేదీ మనమే.

ఇవ్వటం గురించి ఆయన పట్టుదల వేరు. బీదలు గదా అని వారిని విడిచిపెట్టలేదు, విడిచిపెడితే వారిని అవమానించినట్టేనని ఆయన అభిప్రాయం. వంటకు బియ్యం పోసేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. కోత పండుగకు ధాన్యం, కోళ్లు, గుడ్లు, గుమ్మడికాయలు, మేకపిల్లలు గుడి ముందుకు వచ్చేవి. డోర్నకల్‌లోని కెథడ్రల్ కట్టడానికి సుమారు పాతికేళ్లు పట్టింది. మసీదు గోపురాల పోలిక, మండపం స్తంభాల పోలిక, తామరపూల చెక్కడం, వాటి నడుమ సిలువ. 1939 జనవరి 6న, ప్రభువు ప్రత్యక్షత పండుగనాడు, అది ప్రతిష్ఠింపబడింది. ఆరేళ్లకు, 1945 జనవరి 1న, ఆయన డోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు. 1919లో తరంగంబాడి సమావేశం నాటినుండి ఆయన పాటుపడిన దక్షిణ ఇండియా సంఘ ఐక్యత 1947 సెప్టెంబరు 27న మద్రాసులో జరిగింది. చూడటానికి ఆయన లేరు. ఆయన నేర్పిన పంతుళ్లు మరునాటి ఆదివారం కూడ తమ తమ పల్లెలలో గంట కొట్టి ఆరాధన జరిపించారు.